అరగంట ముందు ఏం జరిగింది?

(ప్రవర్తన సమస్యలున్న పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఆదివారం సాయంత్రం ఇంతమంది వస్తారనుకోలేదు. మీలో చాలామంది పిల్లవాణ్ణి ఎవరికో అప్పగించి, వాళ్ళకి వంద జాగ్రత్తలు చెప్పి, ఫోను చేతిలోనే పట్టుకుని కూర్చున్నారని నాకు తెలుసు. మోగితే మొహమాటపడకుండా లేచి వెళ్ళండి. పదేళ్ళపాటు ఏ పెళ్ళి భోజనంలోనూ పెరుగన్నం దాకా కూర్చోలేదు నేను. మజ్జిగ పులుసు వడ్డించే లోపే ఎవరో ఒకరు వచ్చి "మీ వాడు..." అనేవారు.

నేను డాక్టరును కాను. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మా అబ్బాయి గురించి మాట్లాడమని పిలిచారు కాబట్టి వచ్చాను. వాడికిప్పుడు 19 ఏళ్ళు, ఇంజనీరింగు రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటాడు. వాడి సంగతులు నలుగురిలో చెప్పాలంటే వాణ్ణి అడగాలి కదా, అడిగాను. "కంచం సంగతి చెప్పుకో. కోపం నంబర్ల సంగతి చెప్పుకో. నా స్కూలు సంగతి మాత్రం చెప్పకు" అన్నాడు. సరేనన్నాను. అందుకని వాడి స్కూలు గురించి నేను చెప్పను, తర్వాత మీరూ అడగకండి.

ముందు కంచం. 2013, బడులు తెరిచిన కొత్త. తెనాలిలో ఒక డాబా ఇంటి పై వాటాలో అద్దెకుండేవాళ్ళం. వాడికి ఏడేళ్ళు, చెల్లెలికి నాలుగు. రాత్రి ఎనిమిదింటికి అన్నం కలిపి కంచం చేతికిచ్చి, టీవీ ఆపమన్నాను. ఆపలేదు. రెండోసారి అన్నాను, మూడోసారి కాస్త గట్టిగా అన్నాను, నాలుగోసారి నేనే లేచి ఆపేశాను. స్టీలు కంచం గోడకి తగిలిన చప్పుడే ముందు వినపడింది, వాడు విసిరాడని తర్వాత అర్థమైంది. పప్పుచారు సున్నం గోడ మీద నుంచి మెల్లగా కిందికి కారుతోంది. ఒక కరివేపాకు రెబ్బ మాత్రం నా కళ్ళ ఎత్తున అతుక్కుపోయి ఉంది. మీరు నమ్మరు గానీ, ఆ గొడవంతటిలో నాకు బాగా గుర్తున్నది ఆ రెబ్బే.

అక్కడితో ఆగలేదు. దాదాపు నలభై నిమిషాలు. చెల్లెలి పలక విరిగింది. నా ముంజేతి మీద పంటిగాట్లు పడ్డాయి. మా వారు రెండు దెబ్బలు వేశారు, అరుపు రెట్టింపయింది. కింది వాటాలో ఉండే ఇంటిగల పిన్నిగారు మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏమిటమ్మా, పిల్లవాణ్ణి చంపేస్తున్నారా?" అన్నారు. జవాబు చెప్పలేక గుడ్డ తీసుకుని గోడ తుడవటం మొదలుపెట్టాను. పసుపు మరక కదా, తుడిచేకొద్దీ పెద్దదైంది. ఆ ఇల్లు ఖాళీ చేసినప్పుడు ఆ గోడ సున్నం ఖర్చు అడ్వాన్సులో మినహాయించుకున్నారు.

తొమ్మిదింటికల్లా వాడు నా చీర కొంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోయాడు. ముఖం చూస్తే అంత అమాయకంగా ఉంది. నేను మేలుకునే ఉన్నాను.

అలాంటివి వారానికి నాలుగో అయిదో ఉండేవి. మన భాషలో ఇలాంటి పిల్లలకి పేర్లకు కొదవ లేదు. మొండి, పెంకి, తిక్క, మంకుపట్టు, మొదటివాడని గారాబం చేశారు, ఉద్యోగం చేసే తల్లి కదా పట్టించుకోదు. ఈ మాటలన్నీ వడగడితే మిగిలేవి రెండే: పిల్లవాడు చెడ్డవాడు, తల్లి చేతకానిది. ఇది మన ఊళ్ళ జాడ్యమే అనుకునేదాన్ని. తర్వాత చదివాను, 1902లో లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల వైద్యుడు ఇలాంటి 43 మంది పిల్లల గురించి వైద్యులకు ఉపన్యాసాలిచ్చాడు. ఆ పిల్లలు తెలివితక్కువ వాళ్ళు కారనీ, పెంపకం ఒక్కటే కారణం కాదనీ గమనించాడు, అక్కడి దాకా మెచ్చుకోవాల్సిందే. పేరు మాత్రం 'నైతిక నియంత్రణ లోపం' అని పెట్టాడు. పెద్ద డాక్టరుగారు కూడా చివరికి బుద్ధి వంకరే అన్నట్టు.

మా అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిష్టి తీశారు. దర్గాలో తాయెత్తు కట్టించాం. ఒక గుడిలో మూడు శనివారాలు నిద్ర చేశాం. వీటిని నేను ఎగతాళి చేయను. దిష్టి తీసే ఆ పది నిమిషాలూ ఇంట్లో అందరం అరవటం మానేసేవాళ్ళం, దానికే పిల్లవాడు కొంచెం కుదుటపడేవాడేమో.

చివరికి ఒక పిల్లల మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ గంటన్నర మాట్లాడారు. మొదట అడిగినవన్నీ నాకు సంబంధం లేనివనిపించాయి. చెవులు సరిగా వినిపిస్తాయా, రాత్రి గురక పెడతాడా, ఎప్పుడైనా మూర్ఛ వచ్చిందా, చదివేటప్పుడు అక్షరాలు తారుమారు చేస్తాడా. చదవటం రాని పిల్లవాడు "నాకు రాదు" అనడానికి సిగ్గుపడి పుస్తకం విసిరేస్తాడట. నిద్ర చాలని పిల్లవాడు రోజంతా చిటపటలాడతాడట. ఇవన్నీ చూడకుండా కోపానికి మందు అడగటం, జ్వరం ఎందుకు వచ్చిందో చూడకుండా నుదుటి మీద తడిగుడ్డ వేయటం లాంటిదన్నారు.

మా వాడికి ఏడీహెచ్‌డీ, అంటే నిలకడ కుదరకపోవటం, అతి చురుకు, ఆగలేకపోవటం ఉండే రుగ్మత, ఉందని తేల్చారు. దానితో పాటు ఆపోజిషనల్ డిఫైయెంట్ డిజార్డర్. ఓడీడీ అంటారు, ధిక్కార స్వభావం ముదిరి రుగ్మతగా మారటం. "ఏ పిల్లవాడు ఎదురు చెప్పడండీ?" అన్నారు మా వారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే దానికో కొలత ఉంది. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో సవరించిన ప్రమాణాల ప్రకారం, తరచూ ఒళ్ళు మరిచిపోయే కోపం, చిన్నదానికే చిరాకు, పెద్దవాళ్ళతో వాదన, కావాలని ఉడికించటం, తన తప్పు ఇంకొకరి మీదికి నెట్టటం, ఇలా ఎనిమిది లక్షణాల పట్టిక ఉంది. వాటిలో కనీసం నాలుగు ఆరు నెలల పాటు కనిపించాలి. అయిదేళ్ళు దాటిన పిల్లలైతే సాధారణంగా వారానికి ఒకసారైనా, అంతకన్నా చిన్నవాళ్ళైతే దాదాపు రోజూ. ఇంకో షరతు నాకు నచ్చింది: తోబుట్టువులతో గొడవపడితే అది లెక్కలోకి రాదు, బయటివాళ్ళు ఒక్కరితోనైనా అలా ఉండాలి. అన్నాచెల్లెళ్ళ కొట్లాటలు లెక్క పెడితే ఈ దేశంలో ఎవరూ మిగలరని వాళ్ళకీ తెలిసినట్టుంది.

రోగం పేరు తెలిసింది, ఇక మందు రాస్తారని చేయి చాపాను. ఆవిడ నా చేతిలో పెట్టింది గీతలు గీసిన ఒక నోట్‌బుక్. నాలుగు గళ్ళు. సమయం. అరగంట ముందు ఏం జరిగింది. పిల్లవాడు ఏం చేశాడు. తర్వాత మీరేం చేశారు. "మూడు వారాలు రాసి తీసుకురండి" అన్నారు.

నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తెనాలి నుంచి సెలవు పెట్టుకుని వెళితే హోంవర్కు ఇచ్చి పంపుతుందా ఈవిడ! బస్సులో కూర్చుని ఏడ్చాను కూడా. అయినా టీచరును కదా, ఎవరైనా గళ్ళ పుస్తకం ఇస్తే నింపకుండా ఉండలేను.

ఈ పద్ధతి ఆవిడ సొంతం కాదని తర్వాత తెలిసింది. మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ఫ్లోరెన్స్ గుడెనఫ్ అనే మనస్తత్వవేత్త 45 మంది చిన్నపిల్లల తల్లుల చేత ఇలాగే రాయించింది. 1,878 కోపాలు రాశారు ఆ తల్లులు! 1931లో ఆ అధ్యయనం అచ్చయింది. ఆకలి వేళలూ, అలసట వేళలూ పిల్లల కోపానికి అనువైన వేళలని ఆ లెక్కల్లో తేలింది. ఇది మన నాయనమ్మలకి తెలియదా అంటే తెలుసు. "ఆకలి మీదున్నాడు, వాడి జోలికి పోకు" అనరూ? కానీ తెలిసి ఉండటం వేరు, ఫలానా మంగళవారం నాలుగు గంటల యాభై నిమిషాలకి అని సొంత చేతివ్రాతలో చూసుకోవటం వేరు.

మూడు వారాల్లో 17 గొడవలు రాశాను. అసలు 17 అని చూసి ముందు నేనే ఆశ్చర్యపోయాను. రోజుకి మూడు అవుతున్నాయని అందరికీ చెబుతూ తిరిగాను. లెక్కల టీచరును, లెక్క పెట్టకుండానే.

ఆ 17లో 11 గొడవలు సాయంత్రం నాలుగున్నరకీ ఆరింటికీ మధ్య. బడి నుంచి వచ్చి, యూనిఫాం మార్చుకుని, నేను "హోంవర్కు తియ్యి" అనే వేళ. వాడి టిఫిన్ బాక్సు సగం అలాగే తిరిగి వచ్చేది, అది నేను రాత్రి గిన్నెలు తోమేటప్పుడు చూసేదాన్ని. నాలుగు గొడవలు టీవీ ఆపినప్పుడు, అదీ ముందు చెప్పకుండా ఆపినప్పుడు. రెండింటికి కారణం తెలియలేదు. పిల్లలకి కారణం లేని రోజులు కూడా ఉంటాయి, మనకి లేవా?

అసలు దెబ్బ నాలుగో గడిలో తగిలింది. 'తర్వాత మీరేం చేశారు.' చదువుతాను వినండి. "ఫోను ఇచ్చాను." "హోంవర్కు రేపు చేద్దువులే అన్నాను." "అత్తగారు బిస్కెట్లు కొనిపెట్టారు." "నాన్న కొట్టారు, తర్వాత జాలేసి బజారుకి తీసుకెళ్ళారు." "ఫోను ఇచ్చాను." "ఫోను ఇచ్చాను." వరసగా పైనుంచి కిందికి చదువుకున్నాక ఎవరు ఎవరికి పాఠం చెబుతున్నారో అర్థమైంది.

అమెరికాలో ఆరెగన్‌లో జెరాల్డ్ ప్యాటర్సన్ అనే ఆయన ఏళ్ళ తరబడి ఈ పనే చేశాడు. ఆయన మనుషులు ఇళ్ళలోకి వెళ్ళి కూర్చుని, తల్లీ పిల్లలూ ఒకరినొకరు ఏమన్నారు, దానికి జవాబుగా ఏం జరిగింది అని సెకన్ల లెక్కన రాసుకున్నారు. తేలింది ఇది. పిల్లవాడు అరుస్తాడు, తల్లి లొంగుతుంది, పిల్లవాడికి ఫోను దక్కుతుంది. ఇది అందరికీ కనిపిస్తుంది. రెండోది ఎవరూ చూడరు: తల్లి లొంగగానే అరుపు ఆగిపోతుంది. అంటే తల్లికీ లంచం ముట్టింది, నిశ్శబ్దం రూపంలో. పొద్దున్నుంచి బడిలో అరుపులు విని వచ్చిన నాకు ఆ అయిదు నిమిషాల నిశ్శబ్దం విలువ ఎంతో మీకు తెలుసు. వాడికి అరవటం అలవాటైంది, నాకు లొంగటం అలవాటైంది. ఒక్కోసారి నేను వాడికన్నా గట్టిగా అరిస్తే వాడు ఆగేవాడు, అప్పుడు నాకు అరవటం కూడా అలవాటైంది. ఇద్దరం ఒకరికొకరు బాగా శిక్షణ ఇచ్చుకున్నాం.

మరి లొంగకుండా ఉంటే? ఇక్కడ జాగ్రత్తగా వినండి, ఎందుకంటే సగం మంది ఇక్కడే వదిలేస్తారు. 1959లో విలియమ్స్ అనే మనస్తత్వవేత్త ఒక పసివాడి గురించి చిన్న వ్యాసం రాశాడు. పిల్లవాడికి 21 నెలలు. మొదటి ఏడాదిన్నరా జబ్బుతో తీసుకున్నాడు, ఇంటిల్లిపాదీ వాణ్ణి చంకదించలేదు. జబ్బు తగ్గింది, అలవాటు మిగిలింది. నిద్రపోయే దాకా పక్కన ఎవరో ఒకరు కూర్చోకపోతే కేకలు. ఆరోగ్యం బాగుందని డాక్టర్ల చేత నిర్ధారించుకుని, పడుకోబెట్టి తలుపు వేసి వచ్చేశారు. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి నవ్వుతూ పడుకున్నాడు. కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. వారం తర్వాత ఆ ఇంట్లోనే ఉండే పిల్లవాడి అత్తో పిన్నో, ఇంగ్లీషులో తేడా తెలియదు కదా, ఆవిడ పడుకోబెట్టింది. పిల్లవాడు ఒకసారి ఏడ్చి చూశాడు. ఆవిడ మనసు కరిగి లోపలికి వెళ్ళి కూర్చుంది. మళ్ళీ మొదటికి వచ్చింది, మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వచ్చింది.

ఇది చదివి పగలబడి నవ్వాను. 1959లో అమెరికాలో కూడా అత్తగారి సమస్యేనా అని!

ఉమ్మడిగా ఉండే ఇళ్ళలో తల్లి ఒక్కతే పద్ధతి మార్చుకుంటే సరిపోదు. మా అత్తగారికి నేను నెలరోజులు ఉపన్యాసాలిచ్చాను. "మేము పెంచలేదా పిల్లల్ని" అనేవారు. నిజమే, పెంచారు. చివరికి ఒక ఉపాయం తట్టింది. ఆవిడ గోడ మీది క్యాలెండరులో పాల ప్యాకెట్ల లెక్క రాస్తారు. ఒక్క రోజు తప్పరు. ఒక ఎర్ర పెన్సిల్ ఇచ్చి, "అత్తయ్యా, వాడు గొడవ చేసిన రోజు కూడా మీరే గుర్తు పెట్టండి, నా లెక్క తప్పుతోంది" అన్నాను. ఆవిడ గంభీరంగా తీసుకున్నారు. రెండు నెలలు తిరిగేసరికి ఆవిడే వచ్చి చెప్పారు: "బుధవారం, శనివారం ఎర్ర గుర్తులు లేవు చూశావా? ఆ రోజుల్లో వీడు కింద మైదానంలో ఆడి వస్తున్నాడు." నా నాలుగు గళ్ళ పుస్తకానికి అది కనపడలేదు. ఆ తర్వాత ఆవిడ ముందు బిస్కెట్లు ఇవ్వటం మాని, ఇంటికి రాగానే పెరుగన్నం పెట్టి, ఆడుకోవటానికి పంపేవారు. హోంవర్కు ఆరున్నరకి. ఈ ఒక్క మార్పుతో సాయంత్రాల గొడవలు సగానికి తగ్గాయి. మందూ మంత్రమూ లేకుండా.

పట్టించుకోకపోవటం అన్నిటికీ పనికొచ్చే మందు కాదు, అదీ చెప్పాలి. ఫోను కోసం రాగం తీసేవాణ్ణి పట్టించుకోకండి. తల గోడకేసి కొట్టుకునేవాణ్ణి, చెల్లెలి మీదికి వెళ్ళేవాణ్ణి, భయంతో వణికేవాణ్ణి అలా వదిలేయకూడదు. ఇంకొకటి. లొంగటం మానిన మొదటి వారం గొడవ తగ్గదు, పెరుగుతుంది. ఎప్పుడూ పనిచేసే స్విచ్ పనిచేయకపోతే మనం మాత్రం నాలుగుసార్లు గట్టిగా నొక్కమా? ఆ వారం "ఇది పనిచేయటం లేదు" అని లొంగితే, వాడు ఇంకా పెద్ద అరుపు నేర్చుకుంటాడు. మాకు ఆ వారం తొమ్మిది రోజులు పట్టింది.

ఇక నంబర్ల సంగతి. 2014 అక్టోబరు, హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటిన రోజులు. టీవీలో రోజంతా అదే. ఏ ఓడరేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో చెబుతున్నారు. మా వాడికి ఎనిమిదేళ్ళు, అంకెలంటే పిచ్చి. అవేమిటని అడిగాడు. ఒకటో నంబరు అంటే ఎక్కడో దూరాన వాయుగుండం ఉంది, ఓడరేవుకి ఇంకా ప్రమాదం లేదు. అంకె పెరిగేకొద్దీ ముప్పు పెరుగుతుంది, పదో నంబరంటే అతి తీవ్ర ప్రమాదం. పదకొండు కూడా ఉందని తెలిసి వాడు గంతులేశాడు. పదకొండో నంబరంటే తుఫాను హెచ్చరిక కేంద్రంతో సమాచార సంబంధాలే తెగిపోయాయని. వాడు కాసేపు ఆలోచించి, "నాకు కోపం వస్తే పదకొండే" అన్నాడు.

నేను చేసిన మంచి పనల్లా ఆ మాట వదిలేయకపోవటమే. ఆ రోజు నుంచి ఫ్రిజ్ మీద అంకెలు రాసిన కాగితం ఉండేది. "ఎన్నో నంబరు?" అని అడిగేదాన్ని. "రెండు" అంటే మాట్లాడుకోవచ్చు. అయిదు అంటే నీళ్ళు తాగి డాబా మీదికి వెళ్ళి రావచ్చు, ఎందుకు వెళ్ళావని ఎవరూ అడగకూడదు. ఏడు దాటాక ఇంట్లో ఎవరూ నీతిబోధ చేయకూడదు, ఇది మా వారికి పెట్టిన నియమం. పదిలో చెల్లెల్ని పక్క గదిలోకి పంపేసి, స్టీలు సామాను పక్కకి తీసి, నేను గడప దగ్గర కింద కూర్చునేదాన్ని. నిలబడితే వాడికి నేను ఎత్తుగా కనిపిస్తాను కదా. "నేనిక్కడే ఉన్నాను" అని ఒక్కసారి అని ఊరుకునేదాన్ని. తుఫాను తీరం దాటుతుంటే సముద్రానికి ఎవరైనా హితబోధ చేస్తారా?

దాటాక మాత్రం దగ్గరికి వెళ్ళాలి. మైకేల్ పొటేగల్ అనే పరిశోధకుడూ ఆయన బృందమూ పసిపిల్లల బట్టల్లో చిన్న మైకులు కుట్టి మరీ వాళ్ళ మారాములు రికార్డు చేశారు. కోపం మొదట్లోనే శిఖరానికి చేరి తగ్గుతుందట, ఏడుపూ దిగులూ చివరిదాకా ఉంటాయట. కేక పోయి ఏడుపు మిగిలిన ఆ క్షణం మీకు తెలుస్తుంది, గొంతు మారుతుంది. అప్పుడు తీసుకోవాలి ఒళ్ళోకి. నేను ఏళ్ళ తరబడి సరిగ్గా అప్పుడే "చూశావా ఏం చేశావో" అని మొదలుపెట్టేదాన్ని.

కొట్టటం గురించి. "మొక్కై వంగనిది మానై వంగునా", "దండం దశగుణం భవేత్" అని నాకూ చెప్పారు. మా వారిని వాళ్ళ నాన్నగారు బెల్టుతో కొట్టేవారు, "నేను బాగుపడలేదా?" అనేవారు. నేను నా సంగతి చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో తొమ్మిదో తరగతిలో ఒక పిల్లవాణ్ణి చెక్క స్కేలుతో అరచేతి మీద కొట్టాను. బల్లలు ఎత్తి పడేసేవాడు, పెద్ద గొంతుతో ఎదురు తిరిగేవాడు. కొడితే ఆ పూటకి కూర్చునేవాడు. ప్యాటర్సన్ లెక్కే, నాకు నిశ్శబ్దం ముట్టింది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 17వ సెక్షను ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టటమూ మానసికంగా వేధించటమూ నిషిద్ధం. చట్టానికి భయపడి మానేశాను, బుద్ధి వచ్చి కాదు. మా వాణ్ణి డాక్టరుగారికి చూపించి వచ్చిన రాత్రి, ఆ తొమ్మిదో తరగతి పిల్లవాడు గుర్తొచ్చాడు. వాడి నోట్‌బుక్ ఎవరూ రాయలేదు.

మా ఇంట్లో దెబ్బలు ఆగింది వాడికి పదమూడో ఏట. తండ్రి చెయ్యెత్తితే వాడు ఆ చెయ్యి పట్టుకున్నాడు. కొట్టలేదు, పట్టుకున్నాడంతే. ఇద్దరూ ఒకే ఎత్తున ఉన్నారు. మా వారు ఆ తర్వాత ఎప్పుడూ చెయ్యెత్తలేదు, ఆ రాత్రి అన్నం కూడా తినలేదు. ఈ సంగతి చెప్పటానికి ఆయన అనుమతి కూడా తీసుకున్నాను.

మందుల గురించి అడుగుతారని తెలుసు. మా వాడికి ఎనిమిదో ఏట మిథైల్‌ఫెనిడేట్ మొదలుపెట్టారు, అది ఏడీహెచ్‌డీకి ఇచ్చే మందు. కోపాన్ని మాయం చేయలేదు. కోపానికీ చేతికీ మధ్య ఒక క్షణం సందు ఇచ్చింది, ఆ సందులోనే మేము నంబర్లు అడగగలిగాం. దానితో ఆకలి తగ్గింది, సాయంత్రం మందు ప్రభావం దిగే వేళకి ఆకలీ చిరాకూ ఒకేసారి వచ్చేవి. మళ్ళీ నోట్‌బుక్ తీశాను, డాక్టరుగారు దాన్ని చూసే వేళలు మార్చారు. మీ పిల్లవాడికి అది అవసరమో కాదో నేను చెప్పకూడదు, పక్కింటివాళ్ళు అసలే చెప్పకూడదు. మందుంటే చాలనేవాళ్ళనీ, మందు విషమనేవాళ్ళనీ ఇద్దరినీ నమ్మకండి.

చేయమన్న వాటిలో నాకు అన్నిటికన్నా కష్టమైంది ఆట. 1970లలో షీలా ఐబర్గ్ అనే ఆవిడ రూపొందించిన పద్ధతి ఒకటుంది. తల్లి చెవిలో చిన్న పరికరం పెట్టి, అద్దం అవతల నుంచి నిపుణులు "ఇప్పుడు ఇలా అనండి" అని చెబుతుంటే తల్లి పిల్లవాడితో ఆడుతుంది. మాకు అద్దాలూ పరికరాలూ ఎక్కడివి? డాక్టరుగారు దాని సారం చెప్పారు: రోజుకి అయిదు నిమిషాలు, వాడు ఏం ఆడితే మీరూ అదే. ఆజ్ఞలు వద్దు, ప్రశ్నలు వద్దు, సలహాలు వద్దు. సులువే కదా అనుకున్నాను. ముప్పై సెకన్లలో "నీలం ఇటుకలు ఎన్ని ఉన్నాయి నాన్నా?" అని నోరు జారాను. వాడు ఇటుకలు వదిలేసి లేచిపోయాడు. లెక్కల టీచరుకి ప్రశ్న లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో! పది రోజులకి గానీ "పెద్ద గోడ కడుతున్నావు" అని మాత్రం అని ఊరుకోవటం రాలేదు.

మెచ్చుకోవటం కూడా అంతే. పిల్లల్ని ఎదుట పొగిడితే ఆయుక్షీణమని పెరిగినదాన్ని. "మంచివాడివి" అంటే మా వాడు నమ్మేవాడు కాదు, తనకి తెలుసుగా పొద్దున ఏం చేశాడో. "ఒక్కసారి చెప్పగానే టీవీ ఆపావు" అంటే నమ్మేవాడు. జరిగిన సంగతి కాబట్టి.

ఎక్కడికి వెళ్ళాలని అడుగుతారు. జిల్లా ఆసుపత్రుల్లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి, ముందు అక్కడ అడగండి. విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, హైదరాబాద్ ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, దూరమైనా వెళ్ళగలిగితే బెంగళూరులో నిమ్హాన్స్ ఉన్నాయి. అర్ధరాత్రి ఎవరితో చెప్పుకోవాలో తెలియకపోతే 14416, టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక సహాయ ఫోను నంబరు, 2022 నుంచి ఉంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లవాడు చచ్చిపోతానన్నా, తనని తాను గాయపరచుకున్నా నోట్‌బుక్ రాస్తూ కూర్చోకండి, ఆ రోజే తీసుకెళ్ళండి.

ఒక తల్లి ఇందాక బయట నన్ను అడిగారు, "మీకెప్పుడూ కోపం రాలేదా అండీ?" అని. మా నోట్‌బుక్‌లో అయిదో గడి నేను తర్వాత గీసుకున్నాను, 'అమ్మ నంబరు' అని. చాలా చోట్ల ఎనిమిది, తొమ్మిది ఉంటాయి. ఒకచోట పది, ఆ రోజు నేనే టిఫిన్ బాక్సు నేలకేసి కొట్టాను, మూత సొట్ట ఇప్పటికీ ఉంది. ఆ గడి గురించి వాడికి తెలిశాక, నేను గొంతు పెంచితే "అమ్మా, ఎన్నో నంబరు?" అనేవాడు. ఎంత ఒళ్ళు మండేదో!

ఆ నోట్‌బుక్ తీసుకొచ్చాను. మొదటి వరుస నుంచి పంపుతున్నాను, చూసి వెనక్కి అందించండి. పప్పుచారు మరకలుంటాయి, ఏమీ అనుకోకండి. గళ్ళు ఎలా గీయాలో మొదటి పేజీలో ఉంది, ఫోటో తీసుకోవచ్చు. మధ్యలో రెండు పేజీలు జిగురుతో అంటించి ఉంటాయి, వాటిని విప్పకండి. అవి నిన్న రాత్రి ఇంటికి వచ్చి వాడు అంటించాడు.